అలారం మోగితే చాలదు, ఆ తర్వాతి పని కూడా చెప్పి ఉంచాలి

(ఇంజినీరింగు, పాలిటెక్నిక్, ఐ.టి.ఐ. విద్యార్థుల కోసం సాంకేతిక పాఠం)



కోవిల్‌పట్టి, విరుదునగర్ చుట్టుపక్కల మన పిల్లలు చాలామంది ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటరు చదువుల్లో ఉన్నారు. చదువు ముగిసే ఏడాది ప్రాజెక్టు చేయాలి. ఆ ప్రాజెక్టుల్లో ఈమధ్య ఎక్కువగా కనిపిస్తున్నది ఒకటే: ఏదో ఒక యంత్రానికి సెన్సారు తగిలించడం, దాని కొలతలను ఇంటర్నెట్టు ద్వారా క్లౌడుకు పంపడం, కొలత హద్దు దాటితే ఫోనుకు కబురు రప్పించడం. నేను చేసే ఉద్యోగం కూడా ఇదే. అందుకే దీని గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

తెరమీద ఎర్ర దీపం వెలిగితే ప్రాజెక్టు పూర్తయిందని పిల్లలు అనుకుంటారు. నా ఉద్దేశంలో అసలు పని అక్కడే మొదలవుతుంది. దీపం వెలిగింది, సరే. దాన్ని ఎవరు చూడాలి? చూసి ఏమి చేయాలి? ఎవరూ చూడకపోతే ఏమి జరగాలి? ఈ మూడు ప్రశ్నలకు ముందుగానే జవాబు రాసి పెట్టడాన్నే అలారం చర్యలను అమర్చడం అంటారు. ఈ పాఠం దాని గురించే.

1. ముందుగా తెలుసుకోవలసిన మాటలు

సెన్సారు: వేడి, నీటి మట్టం, కరెంటు వంటివాటిని కొలిచే సాధనం.

బోర్డు: సెన్సారు చెప్పిన కొలతను చదివి బయటికి పంపే చిన్న కంప్యూటరు. విద్యార్థులు ఎక్కువగా వాడే ఇ.ఎస్.పి. 32 బోర్డు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది.

క్లౌడు: మన దగ్గర కాక, ఏదో ఒక కంపెనీ వారి పెద్ద కంప్యూటరు కేంద్రంలో అద్దెకు తీసుకొనే చోటు. కొలతలన్నీ అక్కడ చేరుతాయి.

ఎం.క్యూ.టి.టి.: బోర్డుకూ క్లౌడుకూ మధ్య కబుర్లు పంపుకొనే పద్ధతి. 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్ క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనే ఇద్దరు దీన్ని తయారు చేశారు. ఉపగ్రహం ద్వారా చమురు గొట్టాల సమాచారం తెప్పించుకోవడానికి తక్కువ ఖర్చుతో పనిచేసే పద్ధతి వారికి కావలసి వచ్చింది. సిగ్నలు సరిగా అందని మన పొలాలకు కూడా ఇది బాగా సరిపోతుంది.

హద్దు: కొలత ఏ అంకె దాటితే ప్రమాదమో ఆ అంకె.

స్థితి: అలారం ఇప్పుడు ఏ దశలో ఉందో చెప్పే మాట. మామూలు, మోగుతున్నది, ఒకరు చూశారు, కాసేపు ఆపి ఉంచారు, మనిషి వచ్చి విడిపించేదాకా పట్టి ఉంచారు అనేవి ముఖ్యమైన స్థితులు.

చర్య: స్థితి మారగానే దానంతట అదే జరగవలసిన పని. కబురు పంపడం, ఫోను చేయడం, సైరను మోగించడం, మోటారు ఆపడం, పుస్తకంలో రాసుకొన్నట్టు సమాచారం దాచడం అన్నీ చర్యలే.

2. విశాఖపట్నం నేర్పిన పాఠం

చర్యను ముందే అమర్చి ఉంచడం ఎందుకు ముఖ్యమో తెలియాలంటే 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలో జరిగిన ప్రమాదాన్ని చదవాలి. ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారంలో స్టైరీన్ అనే రసాయనం నిలవచేసిన ట్యాంకు నుంచి ఆవిరి బయటికి వచ్చి చుట్టుపక్కల ఇండ్లమీదికి వ్యాపించింది. జనం నిద్రలో ఉన్న వేళ అది. 12 మంది చనిపోయారు. వందలమంది ఆసుపత్రి పాలయ్యారు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నీరబ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన ఉన్నతస్థాయి కమిటీని నియమించింది. 2020 జూలైలో ఆ కమిటీ నివేదిక ఇచ్చింది. అందులో మన పాఠానికి సంబంధించిన విషయాలు రెండు.

మొదటిది. ఆ ట్యాంకులో వేడిని కొలిచే సాధనం అడుగు భాగంలో మాత్రమే ఉంది. మధ్యలో, పైన కొలిచే ఏర్పాటు లేదు. పైపొరల్లో వేడి పెరుగుతున్నా అడుగున ఉన్న సాధనానికి అది తెలియదు. అంటే కొలత తప్పు కాదు, కొలిచిన చోటు చాలదు.

రెండవది. కర్మాగారంలో గేటుతో సహా 36 చోట్ల నుంచి సైరను మోగించే ఏర్పాటు ఉంది. కానీ సైరను మోగలేదు.

పిల్లలు ఈ రెండవ విషయం దగ్గర ఆగి ఆలోచించాలి. పరికరాలు లేకపోలేదు. 36 మీటలు ఉన్నాయి. అయితే మీట నొక్కడానికి ఒక చెయ్యి కావాలి. అర్ధరాత్రి దాటాక, భయంలో, ఆ చెయ్యి మీటను చేరుకోకపోవచ్చు. కొలతకూ సైరనుకూ మధ్య దానంతట అదే జరిగే చర్య ఒకటి ఉండాలి. మనిషి మీద ఒక్కటే భారం వేసి వదిలేయకూడదు. మీరు రేపు ఏ కర్మాగారంలో ఉద్యోగంలో చేరినా ఈ ప్రశ్న అడగండి: "ఈ అలారం మోగినప్పుడు ఎవరూ కదలకపోతే ఏమి జరుగుతుంది?"

3. మన పొలం మోటారుతో అభ్యాసం

ఇప్పుడు మనకు తెలిసిన ఉదాహరణ తీసుకొందాం. మనది నల్లరేగడి నేల, ఎక్కువగా వానమీద ఆధారపడిన సేద్యం. బావి, బోరు ఉన్నవారికి నీళ్లు ఎప్పుడు అడుగంటుతాయో తెలియదు. నీళ్లు లేకుండా మోటారు తిరిగితే కాలిపోతుంది. మళ్లీ చుట్టించాలంటే వేలల్లో ఖర్చు, పైగా నాలుగు రోజులు పైరుకు తడి ఉండదు. ఈ మోటారుకు అలారం ఎలా అమర్చాలో మెట్టు మెట్టుగా చూద్దాం. కింద ఇచ్చిన అంకెలు లెక్క కోసం పెట్టుకొన్నవి. మీ మోటారుకు దాని పలకమీద రాసిన అంకెలు చూసుకోవాలి.

మొదటి మెట్టు: ఏమి కొలవాలి?

నీటిలో మునిగి ఉన్న మోటారు దగ్గరికి పోకుండానే, స్టార్టరు పెట్టెలో కరెంటు కొలిస్తే చాలు. నీళ్లు ఎత్తుతున్నప్పుడు మోటారు ఎక్కువ కరెంటు తీసుకొంటుంది. నీళ్లు లేకపోతే భారం తగ్గి కరెంటు కూడా తగ్గుతుంది. మన ఉదాహరణలో నీళ్లు ఉన్నప్పుడు 8 ఆంపియర్లు, లేనప్పుడు 5 ఆంపియర్లు అనుకొందాం.

రెండవ మెట్టు: హద్దు ఎక్కడ పెట్టాలి?

8కీ 5కీ మధ్య 6 అని పెట్టుకొందాం. "కరెంటు 6 కంటే తగ్గితే అలారం" అని రాస్తే సరిపోతుందా? సరిపోదు. మోటారు ఆపి ఉన్నప్పుడు కరెంటు సున్నా. సున్నా కూడా 6 కంటే తక్కువే కదా! రాత్రంతా అలారం మోగుతూనే ఉంటుంది. కనుక షరతు ఇలా ఉండాలి: "మోటారు ఆన్‌లో ఉండి, కరెంటు 6 కంటే తగ్గితే." చాలా ప్రాజెక్టుల్లో ఈ మొదటి సగం మరచిపోతారు.

మూడవ మెట్టు: ఎంతసేపు చూడాలి?

5 సెకండ్లకు ఒకసారి వచ్చిన కొలతలు ఇవి అనుకోండి: 8.1, 8.0, 5.4, 7.9, 8.0, 5.2, 5.1, 5.0. మూడవ కొలత ఒక్కటే తగ్గి, మళ్లీ సర్దుకొంది. పైపులో గాలిబుడగ వచ్చి ఉండవచ్చు. దానికి మోటారు ఆపనవసరం లేదు. చివరి మూడు కొలతలు వరసగా తగ్గాయి. ఇది నిజమైన ప్రమాదం. కనుక "వరసగా మూడు కొలతలు తగ్గితే" అని రాస్తే ఎనిమిదవ కొలత దగ్గర మాత్రమే అలారం మోగుతుంది. వరస సంఖ్య పెంచితే దొంగ అలారాలు తగ్గుతాయి, కానీ చర్య ఆలస్యమవుతుంది. ఎంత ఆలస్యాన్ని మోటారు తట్టుకోగలదో దాన్ని బట్టి ఈ సంఖ్య నిర్ణయించాలి.

నాలుగవ మెట్టు: మామూలు స్థితికి ఎప్పుడు రావాలి?

వోల్టేజీని ఉదాహరణగా తీసుకొందాం. మూడు ఫేజుల కరెంటు 415 వోల్టులు ఉండాలి. 350 కంటే తగ్గితే మోటారు ఆపాలని పెట్టారు. 351 రాగానే మళ్లీ నడపమంటే ఏమవుతుంది? మోటారు మొదలవగానే వోల్టేజీ కాస్త దిగుతుంది, 349 అవుతుంది, మళ్లీ ఆగుతుంది. ఇలా కొట్టుకొంటూ స్టార్టరు పాడవుతుంది. అందుకని ఆపే హద్దు 350, తిరిగి నడిపే హద్దు 370 అని వేరువేరుగా పెట్టాలి. ఇంగ్లీషులో దీన్ని హిస్టరిసిస్ అంటారు. పరీక్షలో నిర్వచనం రాసినవారు చాలామంది ఉంటారు. ఎందుకో చెప్పగలవారు ఇంటర్వ్యూలో నెగ్గుతారు.

ఐదవ మెట్టు: కబురే రాకపోతే?

ఇది అన్నిటికంటే ముఖ్యం. బోర్డు చెడిపోయింది, లేదా సిమ్ కార్డులో డబ్బు అయిపోయింది. కొలతలు రావడం లేదు. హద్దు దాటిన కొలత ఒక్కటీ లేదు గనుక తెరమీద అంతా పచ్చగానే కనబడుతుంది. ఇంట్లోవారు మోటారు క్షేమంగా ఉందనుకొంటారు. కనుక "10 నిమిషాలు ఏ కబురూ రాకపోతే అదీ ఒక అలారమే" అని రాసి పెట్టాలి.

అమెజాన్ వారి క్లౌడ్‌వాచ్‌లో అలారానికి మూడు స్థితులు ఉంటాయి: బాగుంది, అలారం, సమాచారం చాలదు. కొలతలు రాకపోతే దాన్ని ఎలా తీసుకోవాలో మనమే చెప్పాలి: ప్రమాదంగానా, క్షేమంగానా, సమాచారం చాలదనా, ఉన్న స్థితిలోనే ఉంచాలా అని నాలుగు మార్గాలు ఇస్తారు. ఎం.క్యూ.టి.టి.లో కూడా ఒక చక్కని ఏర్పాటు ఉంది. బోర్డు కలిసేటప్పుడే "నేను చెప్పకుండా పోతే నా తరఫున ఈ కబురు చెప్పండి" అని ఒక మాట ఇచ్చి ఉంచవచ్చు. దాని పేరే లాస్ట్ విల్, అంటే వీలునామా. నిర్ణయించుకొన్న గడువుకు ఒకటిన్నర రెట్ల సమయం దాకా బోర్డు నుంచి చప్పుడు లేకపోతే అవతలివైపు కంప్యూటరు ఆ మాటను అందరికీ చెబుతుంది.

కొలత రాకపోవడం ఒక రకం. వస్తూ ఉన్నా కదలకుండా ఉండటం మరొక రకం. 2005 డిసెంబరు 11న ఇంగ్లాండులోని బన్స్‌ఫీల్డ్ ఇంధన డిపోలో పెట్రోలు ట్యాంకు నిండుతూ ఉండగా మట్టం చూపే సాధనం ఒక అంకె దగ్గర ఇరుక్కుపోయింది. పెట్రోలు వస్తూనే ఉంది, అంకె మాత్రం మారలేదు. ట్యాంకు పొర్లినప్పుడు సరఫరాను ఆపవలసిన వేరే స్విచ్చు కూడా పనిచేయలేదు. పెద్ద పేలుడు జరిగి 43 మంది గాయపడ్డారు. కనుక "ట్యాంకు నిండుతున్నప్పుడు మట్టం పది నిమిషాలుగా మారకపోతే" అనేది కూడా అలారం షరతుగా పెట్టదగినదే.

ఆరవ మెట్టు: చర్య రాయడం

ఇప్పుడు పట్టిక వేద్దాం. మోటారు నీళ్లు లేకుండా తిరిగితే:

(అ) మోటారు వెంటనే ఆగాలి.
(ఆ) నీళ్లు ఊరడానికి 45 నిమిషాలు మోటారు మళ్లీ మొదలు కాకూడదు.
(ఇ) ఇంట్లోవారికి కబురు పోవాలి.
(ఈ) 15 నిమిషాల్లో ఎవరూ "చూశాను" అని చెప్పకపోతే రెండవ మనిషికి పోవాలి.
(ఉ) ఒకే రోజు రెండుసార్లు ఇలా జరిగితే మోటారును పట్టి ఉంచాలి. మనిషి పొలానికి వెళ్లి చూసి, విడిపిస్తేనే మళ్లీ నడవాలి.
(ఊ) జరిగిన సమయం, కొలత దాచి ఉంచాలి. ఏ నెలలో బావి ఎంత తొందరగా అడుగంటుతోందో దాన్ని బట్టి తెలుస్తుంది.

ఈ ఆరు వరసలు రాయగలిగితే మీకు పాఠం వచ్చినట్టే. వీటిని ఏ కంపెనీ క్లౌడులో పెట్టడమన్నది తర్వాతి సంగతి.

4. ఏ పని బోర్డు చేయాలి, ఏ పని క్లౌడు చేయాలి?

పై పట్టికలో మొదటి రెండు పనులను స్టార్టరు పెట్టెలో ఉన్న బోర్డు, రిలే తమంతట తామే చేయాలి. క్లౌడు చెప్పేదాకా కాచుకొని ఉండకూడదు. వానకు టవరు పనిచేయకపోతే, సిగ్నలు లేకపోతే, క్లౌడులోనే అంతరాయం వస్తే, మోటారు కాలిపోవలసిందేనా? ప్రాణానికీ యంత్రానికీ రక్షణ ఇచ్చే చర్య యంత్రం పక్కనే ఉండాలి. కబురు, గుర్తు పెట్టుకోవడం, రెండవ మనిషిని పిలవడం వంటివి క్లౌడుకు అప్పగించాలి. ఓవర్‌లోడ్ రిలే, ఫ్యూజు వంటి పాత రక్షణలను కొత్త బోర్డు వచ్చింది కదా అని తీసేయకండి.

మరొక హెచ్చరిక. దూరం నుంచి నడిచే మోటారు ఎప్పుడైనా తిరగవచ్చు. బావిలో మనిషి దిగినప్పుడు, పంపు విప్పినప్పుడు కొడుకు చెన్నైలో ఫోను నొక్కితే ప్రాణం మీదికి వస్తుంది. కరెంటు పని తెలిసిన మనిషిచేత మెయిన్ ఆపించి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకొన్న తర్వాతే చెయ్యి పెట్టాలి. ఫోనులో "ఆఫ్" అని కనబడితే కరెంటు లేదని నమ్మకూడదు. ఈ మాట ఇంట్లో అందరికీ చెప్పండి.

5. కబురు ఎవరికి, ఏ భాషలో?

మన ఇండ్లలో మాట తెలుగు, బడిలో చదువు తమిళం, కంప్యూటరులో ఇంగ్లీషు. పిల్లలు పెట్టే అలారాలన్నీ ఇంగ్లీషులోనే వస్తాయి. పొలంలో ఉన్న తాతకు "ఎర్రర్ 14, విలువ 5.1" అని కబురు వస్తే ఏమి లాభం? మన ప్రాంతంలో పెద్దవారు చాలామంది తెలుగు మాట్లాడతారు కానీ చదివేది తమిళమే. కొందరికి చదువే రాదు. కనుక చదవగలవారికి తమిళంలో రాయండి. చదవలేనివారికి తెలుగులో మాట రికార్డు చేసి ఫోను వచ్చేలా పెట్టండి. మాటలు ఇలా ఉండాలి: "పెద్ద బావిలో నీళ్లు లేవు. మోటారు దానంతట అదే ఆగింది. ముక్కాలు గంట దాకా ఆన్ చేయవద్దు." ఏమి జరిగింది, యంత్రం ఏమి చేసింది, మనిషి ఏమి చేయాలి, ఈ మూడూ ఉంటే చాలు.

మొదట ఎవరిని పిలవాలో ఇంట్లో కూర్చొని నిర్ణయించండి. పగలు నాన్న, నాన్న ఎత్తకపోతే చిన్నాన్న, ఇద్దరూ ఊళ్లో లేకపోతే పక్కతోట మామ. అడగకుండా ఎవరి నంబరూ పెట్టకండి. "అందరికీ ఒకేసారి పోతే మంచిది కదా" అని పిల్లలు అడుగుతారు. అందరికీ పోయిన కబురును ఎదుటివారు చూసుకొంటారులే అని అందరూ అనుకొంటారు. ఒకరి పేరు చెప్పి పిలిస్తేనే ఒకరు కదులుతారు.

ప్రాజెక్టు చేసేవారికి ఒక సూచన. క్లౌడు నుంచి ఎస్.ఎం.ఎస్. పంపే ఏర్పాటు చేశాక అది ఫోనుకు చేరలేదని కంగారు పడకండి. మన దేశంలో టెలికాం నియంత్రణ సంస్థ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం, కంప్యూటరు ద్వారా ఇలాంటి ఎస్.ఎం.ఎస్.లు పంపే సంస్థలు ముందుగా పేరు, కబురు నమూనా నమోదు చేసుకోవాలి. అభ్యాసానికి ఈమెయిలు గానీ టెలిగ్రామ్ బాట్ గానీ చాలు.

6. అలారాలు ఎక్కువైతే అలారం లేనట్టే

నేను పనిమీద వెళ్లిన ఒక నూలుమిల్లులో అలారం బజరు నోటికి దూది కుక్కి ఉండటం చూశాను. పనివారిని తప్పుపట్టడానికి లేదు. చిన్నచిన్న వాటికన్నిటికీ రోజంతా మోగే బజరును ఎవరు భరించగలరు? అసలు తప్పు హద్దులు పెట్టిన పద్ధతిలో ఉంది.

దీనికి పెద్ద ఉదాహరణ 1994 జూలై 24న బ్రిటన్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ చమురుశుద్ధి కర్మాగారంలో జరిగిన పేలుడు. అంతకు ముందు సుమారు 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల ముందుకు 275 అలారాలు వచ్చాయి. ఏది ముఖ్యమో తెలుసుకోవడానికి మనిషికి వీలే లేదు. ఈ ప్రమాదం తర్వాత అలారాలను ఎలా ఏర్పాటు చేయాలన్నదే ఒక ప్రత్యేక విషయంగా పెరిగింది. 1999లో ఈముయా 191 అనే మార్గదర్శి వచ్చింది. 2009లో ఐ.ఎస్.ఏ. 18.2 అనే ప్రమాణం వచ్చింది. ఇన్‌స్ట్రుమెంటేషను చదివేవారు ఈ రెండు పేర్లూ గుర్తుపెట్టుకోండి. మామూలుగా నడుస్తున్న కర్మాగారంలో ఒక ఆపరేటరుకు సగటున పది నిమిషాలకు ఒకటికి మించి అలారం రాకూడదని ఈముయా చెప్పే లెక్క.

పాటించవలసిన సూత్రం సులభం. మనిషి చేయవలసిన పని ఏదీ లేకపోతే అది అలారం కాదు, సమాచారం మాత్రమే. దాన్ని దాచి ఉంచండి, మోగించకండి. "కాసేపు ఆపు" అనే మీట ఇస్తే దానికి గడువు పెట్టండి. గడువు లేకుండా ఆపిన అలారాన్ని మళ్లీ ఎవరూ తెరవరు.

7. సేవల పేర్లు మారతాయి, సూత్రం మారదు

"ఏ కంపెనీ క్లౌడు నేర్చుకోవాలి సార్?" అని పిల్లలు అడుగుతుంటారు. ఒక సంగతి చెబుతాను. పరికరాలను కలపడానికి గూగుల్ నడిపిన ఐ.ఓ.టి. కోర్ అనే సేవను 2023 ఆగస్టు 16న మూసివేసింది. అలారం స్థితులను, చర్యలను అమర్చడానికే అమెజాన్ 2019లో అందరికీ అందించిన ఐ.ఓ.టి. ఈవెంట్స్ అనే సేవకు 2026 మే 20ని చివరి తేదీగా ప్రకటించింది. ఏ మీట ఎక్కడ ఉందో బట్టీ పట్టినవారు మళ్లీ మొదటి నుంచి మొదలు పెట్టాలి. హద్దు, వ్యవధి, స్థితి, చర్య, రెండవ మనిషి అనే ఐదింటిని అర్థం చేసుకొన్నవారు కొత్త సేవలో వారం రోజుల్లో అదే పట్టికను అమర్చుకోగలరు.

ఉద్యోగాల సంగతికి వస్తే, ఈ పని మన ప్రాంతానికి కొత్తది కాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014 ఫిబ్రవరిలో 17 రకాల పరిశ్రమలకు పొగ, మురుగునీరు కొలిచే సాధనాలను ఆన్‌లైనులో కలపాలని ఆదేశించింది. కొలతలు అధికారుల కంప్యూటరుకు చేరుతాయి, హద్దు దాటితే ఎస్.ఎం.ఎస్. హెచ్చరిక పోతుంది. సిమెంటు ఆ 17 రకాల్లో ఒకటి. కనుక విరుదునగర్ దగ్గరి రామసామి రాజా నగర్ వంటి చోట్ల ఉన్న సిమెంటు కర్మాగారాలు ఈ ఆదేశం కిందికి వస్తాయి. ఇలాంటి సాధనాలను అమర్చడానికి, సరిచూడటానికి, మరమ్మతు చేయడానికి మనుషులు కావాలి. డిప్లొమా చదివినవారికి కూడా ఇందులో చోటు ఉంది.

8. తక్కువ ఖర్చుతో నేర్చుకోవడం ఎలా?

క్లౌడు ఖాతా తెరవడానికి సాధారణంగా బ్యాంకు కార్డు అడుగుతారు. మొదట దాని జోలికి పోనవసరం లేదు. మస్కిటో అనే ఉచిత ఎం.క్యూ.టి.టి. సాఫ్ట్‌వేరు, నోడ్ రెడ్ అనే ఉచిత సాధనం మీ కంప్యూటరులోనే పెట్టుకొని పై ఆరు మెట్లూ చేసి చూడవచ్చు. ఐ.ఐ.టి. ఖరగ్‌పూర్ ఆచార్యులు సుదీప్ మిశ్రా చెప్పిన ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్ పాఠాలు ఎన్.పి.టి.ఇ.ఎల్.లో ఉచితంగా చూడవచ్చు. సర్టిఫికెట్టు పరీక్షకు మాత్రమే రుసుము కట్టాలి.

అభ్యాసం ఇంట్లో బకెట్టు నీళ్లతో, బ్యాటరీతో నడిచే చిన్న పంపుతో చేయండి. 415 వోల్టుల స్టార్టరు పెట్టెను లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియను లేకుండా తెరవకండి. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో, శివకాశి టపాకాయల షెడ్డులో వేడి కొలుస్తామని మీ బోర్డును లోపలికి తీసుకుపోవద్దు. పొటాషియం క్లోరేటు వంటి మందు ఉన్న చోట మామూలు రిలేలో వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు. అటువంటి చోట్లకు ప్రత్యేకంగా తయారుచేసి ధ్రువీకరించిన పరికరాలే వాడాలి.

9. తల్లిదండ్రులకు రెండు మాటలు

మొదటిది డబ్బు గురించి. పిల్లలు మీ కార్డుతో క్లౌడు ఖాతా తెరిస్తే వారిచేత మొట్టమొదటి అలారం బిల్లుకే పెట్టించండి. "నెల బిల్లు 100 రూపాయలు దాటితే అమ్మకు, నాన్నకు ఈమెయిలు" అని రాయించండి. అయితే ఒకటి గమనించగలరు. ఈ అలారం మీకు చెబుతుంది, అంతే. వాడుకను దానంతట అది ఆపదు. పైగా బిల్లు లెక్క అక్కడ కొన్ని గంటలు ఆలస్యంగా చేరుతుంది. కనుక కబురు రాగానే ఏ సేవను ఎలా ఆపాలో కాగితం మీద రాయించి ఉంచుకోండి. ఖాతా తాళంచెవులవంటి పాస్‌వర్డులు, కీలు స్నేహితులకు ఇవ్వవద్దని, బయట అందరికీ కనబడే ప్రోగ్రాములో రాయవద్దని చెప్పండి.

రెండవది. పిల్లవాడు తన ప్రాజెక్టును మీకు చూపించినప్పుడు "మార్కులు ఎన్ని వస్తాయి?" అని అడగడంతో ఆపకండి. "ఇది మోగినప్పుడు నేను ఇంట్లో లేకపోతే ఏమి చేస్తుంది?" అని అడగండి. మీకు కంప్యూటరు తెలియనవసరం లేదు. పొలం, కొట్టు, ఇల్లు నడిపినవారికి ఈ ప్రశ్న బాగా తెలుసు. కావలివాడిని పెట్టేటప్పుడు దొంగ వస్తే ఏమి చేయాలో, ఎవరిని లేపాలో చెప్పి పెడతాం కదా. ఇదీ అంతే.

10. అభ్యాస ప్రశ్నలు

(1) ఇంటి మేడమీది నీళ్ల ట్యాంకుకు అలారం అమర్చండి. నిండినప్పుడు మోటారు ఆగే హద్దు, మళ్లీ నడిచే హద్దు వేరువేరుగా ఎందుకు ఉండాలో రాయండి.

(2) పై మోటారు ఉదాహరణలో కొలతలు 8.0, 5.3, 5.2, 7.8, 5.1, 5.2, 5.0 అని వచ్చాయి. వరసగా మూడు అనే నియమం ప్రకారం అలారం ఏ కొలత దగ్గర మోగుతుంది? (జవాబు: ఏడవది)

(3) విరుదునగర్‌లో ఒక మిరపకాయల గోదాములో తేమ కొలిచే సెన్సారు రెండు రోజులుగా ఒకే అంకె చూపుతోంది. దీన్ని పట్టుకొనే షరతు రాయండి.

(4) మీ ఇంట్లో అలారం కబురు మొదట ఎవరికి, తర్వాత ఎవరికి పోవాలో, ఏ భాషలో పోవాలో పెద్దవారిని అడిగి రాయండి.

(5) మీరు అమర్చిన అలారాన్ని నెలకు ఒకసారి ఎలా పరీక్షిస్తారో రాయండి. సెన్సారు తీగ పీకి చూడండి, సిమ్ కార్డు తీసి చూడండి, మొదటి మనిషి ఫోను ఆపి చూడండి. మూడుసార్లూ కబురు ఎవరో ఒకరికి చేరితేనే మీ ప్రాజెక్టు పూర్తయినట్టు.

ఈ ఐదూ చేసినవారు తమ పట్టికను కళాశాల ఉపాధ్యాయులకు చూపించి సరిచేయించుకోవాలని కోరుతున్నాను.